పద్నాలుగో నంబరు నీడ

మే 22, గురువారం

ఎల్లుండి నుంచి మూడు రోజుల సెలవు. పార్కులో గుడారాలు, ట్రైలర్లు వేసుకునే సైట్లన్నీ రేపటి నుంచే నిండిపోయాయి. పోయినేడు ఇదే సెలవుకి ఒకాయన గుడారం లోపల పొయ్యి వెలిగించాడు, ఒకావిడ కుక్క చెత్తడబ్బా వెతుకుతున్న రకూన్‌తో కలబడింది, స్నానాల గదుల్లో నీళ్ళు ఆగిపోయాయి. ఈ ఏడు ఏం రాసిపెట్టి ఉందో అని పొద్దుటి నుంచి అదే ఆలోచన. లైల్‌కి చెబితే నవ్వాడు. "నువ్వు భయపడని రోజున నాకు భయమేస్తుందే" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే మాట.

పని మాత్రం అయిపోయింది. స్తంభాల మీద సైట్ నంబర్లు వెలిసిపోతే మళ్ళీ వేశాను. షెడ్డులో ఉన్న ఒక్క స్ప్రే డబ్బా దానికే సరిపోయింది. చివరగా పద్నాలుగు దగ్గరకొచ్చేసరికి డబ్బా తుస్సుమంది. నాలుగుకి తోక రాలేదు. ఎవరు చూడొచ్చారులే అని వదిలేశాను.

లైల్ బోర్డు మీద నోటీసు కొట్టాడు. ప్రతి ఏడూ కొట్టేదే. ఏప్రిల్ నుంచి జూలై సగం దాకా ఓక్ చెట్టుకి రంపం తగలకూడదు, మేకు దిగకూడదు. పచ్చి గాయం వాసనకి పురుగులు వస్తాయి, వాటి ఒంటి మీద తెగులు వస్తుంది. ఒక చెట్టుకి పట్టిందంటే మట్టి కింద వేళ్ళ వెంట పక్క చెట్టుకి పాకుతుంది. ఈ సంగతి విస్కాన్సిన్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా లైల్ ఎర్ర ఇంకుతో కింద రెండు గీతలు గీసి మరీ పెట్టాడు.

కాగితం మిల్లు మూతపడి, ఇల్లు అమ్మేసి, మేమిద్దరం ఈ హెరాన్ లేక్ కౌంటీ పార్కుకి హోస్టులుగా వచ్చాక ఇది ఆరో వేసవి. మంచు కరిగినప్పటి నుంచి ఆకు రాలేదాకా గేటు పక్క సైటు మాకు ఊరికే ఇస్తారు. బండి వెనక తగిలించే ఇల్లు లాంటి మా ట్రైలర్ అక్కడ పెట్టుకుంటాం. బదులుగా కట్టెలు అమ్మాలి, స్నానాల గదులు కడగాలి, పది దాటితే పాటలు ఆపమని బతిమాలాలి. చలికాలమంతా మా చెల్లెలింటి బేస్‌మెంట్‌లో, నేల కింది గదిలో. అక్కడ దగ్గినా చప్పుడు పైకి వినిపిస్తుందేమోనని ఆపుకుంటాను. అది ఇల్లు కాదు. ఇదే ఇల్లు. సెప్టెంబరు రాగానే పార్కు సూపరింటెండెంట్ ఫోన్ చేసి వచ్చే ఏడు కూడా రమ్మంటాడు. అనకపోతే ఎలా అని నాకు ఆగస్టు నుంచే నిద్ర ఉండదు.

మే 23, శుక్రవారం

అయింది. నేను భయపడనిది ఒక్కటే మిగిలింది, అదే అయింది.

సాయంత్రం ఇల్లినాయ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ ట్రైలర్ మేం అమ్మేసిన ఇంటికంటే ఎత్తు. పద్నాలుగులోకి వెనక్కి నడుపుతుంటే పైనున్న ఏసీ పెట్టె ఓక్ కొమ్మకి పట్టుకుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. దాని వెనక బళ్ళు గేటు దాటి రోడ్డు మీదికి ఆగిపోయాయి. హారన్లు. ఒక పిల్లాడు ఒంటేలుకని ఏడుపు. ఆ డ్రైవరాయన చెమటలు కక్కుతూ "నాకీ ఎత్తు సంగతి ఎవరూ చెప్పలేదండీ, ఎవరూ చెప్పలేదు" అని జపం చేస్తున్నాడు.

లైల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. షెడ్డుకి వెళ్ళి పొడుగు కర్ర రంపం తెచ్చాడు. "లైల్, ఇది మే నెల" అన్నాను. "తెలుసు. కోసిన వెంటనే పెయింట్ కొట్టేస్తే పురుక్కి వాసన రాదు" అన్నాడు. నిజమే, కౌంటీ చెట్ల ఆఫీసరమ్మ కూడా హోస్టుల శిక్షణలో అలాగే చెప్పింది. తప్పనిసరై గాయం చేస్తే అక్కడికక్కడే పెయింట్ కొట్టమంది.

కొమ్మ నా మణికట్టంత లావు కూడా లేదు. పడగానే జనం చప్పట్లు కొట్టారు. ట్రైలర్ లోపలికి వెళ్ళింది. లైల్ పెద్ద హీరోలా నవ్వుతూ నా వైపు తిరిగి స్ప్రే డబ్బా తెమ్మన్నాడు.

ఉన్న ఒక్క డబ్బా నిన్న నంబర్లకే ఖాళీ చేశాను.

మే 24, శనివారం

పట్నం ఇరవై మైళ్ళు. నిండు పార్కుని వదిలి వెళ్ళడానికి లేదు. పక్క క్యాంపర్లని అడిగితే ఎవరి దగ్గరా పెయింట్ లేదు. ఒకావిడ గోళ్ళ రంగు ఇస్తానంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొమ్మ కోసిన చోట తేనె రంగు తడి మెరుస్తోంది. కింది నుంచే కనిపిస్తోంది నాకు.

లైల్ నిచ్చెనెక్కి ట్రైలర్ చక్రాలకి పూసే గ్రీజు పూశాడు. పదిహేనో నంబరులోంచి బెర్నీస్ చూసింది. ఆవిడ వేసవంతా అక్కడే ఉంటుంది, మేం రావడానికి పాతికేళ్ళ ముందు నుంచీ. ఎనభైకి దగ్గర పడింది. మొగుడితో కలిసి సాసేజ్ కొట్టు నడిపింది, ఆయన పోయాక కొట్టు అమ్మేసి నోరు మాత్రం ఉంచుకుంది. పద్నాలుగు ఓక్ నీడ ఆవిడ కుర్చీ మీదే పడుతుంది. కాఫీ తాగుతూ అక్కడి నుంచే కేక పెట్టింది. "చెట్టుకి గ్రీజేంటయ్యా లైల్? ఎక్కడికైనా ప్రయాణం కట్టిందా అది?"

లైల్ ఇంకో వేలు గ్రీజు తీసి పూశాడు. ఆయన బెర్నీస్‌కి బదులు చెప్పకపోవడం ఇదే మొదలు.

మే 26, సోమవారం

జనం వెళ్ళగానే లైల్ పట్నం వెళ్ళి నాలుగు డబ్బాలు తెచ్చాడు. నాలుగు! గ్రీజు తుడిచి పెయింట్ కొట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

డబ్బా ఖాళీ చేసింది నేనేనని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అన్నం తింటూ "చిన్న కొమ్మ. మూడు రోజులు. ఈ చుట్టుపక్కల తెగులే లేదు. నువ్వు ఎవరితోనూ అనకు" అన్నాడు. ఎవరితో అంటాను? అంటే సూపరింటెండెంట్‌కి తెలుస్తుంది. తెలిస్తే సెప్టెంబరు ఫోన్ రాదు. ఫోన్ రాకపోతే పన్నెండు నెలలూ బేస్‌మెంటే.

అననన్నాను.

జూన్ 14

ఏమీ లేదు. ఆకులు పచ్చగా ఉన్నాయి. రోజుకి ఎన్నిసార్లు తలెత్తి చూస్తున్నానో, మెడ పట్టేసింది.

ఈ రోజు ఒకాయన తొమ్మిదో నంబరులో ఓక్‌కి మేకు కొట్టి లాంతరు తగిలించాడు. లైల్ వెళ్ళి ఆయన్ని దులిపేశాడు. చెట్టంటే గోడ అనుకున్నారా, నోటీసు చదవడానికి కళ్ళు లేవా అని. పాపం ఆయన పెళ్ళాం ముందు తల దించుకుని మేకు పీకాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఉంది నాకు. లైల్ తిరిగొచ్చి నా మొహం చూశాడు. "ఏంటి?" అన్నాడు. ఏం లేదన్నాను. తర్వాత ఆయన ఆ మేకు రంధ్రం మీద పెయింట్ కొట్టి, మళ్ళీ కొట్టి, కారుతున్నా ఇంకోసారి కొట్టాడు.

జూలై 4

స్వాతంత్ర్య దినం పండగ. అడుగు పెట్టే చోటు లేదు. ఐసు మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం బెర్నీస్ పద్నాలుగు ఓక్ కింద బల్ల వేసి సాసేజ్‌లు కాల్చి అందరికీ పెట్టింది. పేకాటలో లైల్‌ని మూడుసార్లు ఓడించి "మిల్లువాళ్ళకి కాగితాలు చేయడమే వచ్చు, ఆడటం రాదు" అంది. లైల్ కడుపారా నవ్వాడు. మే నెల తర్వాత ఇంతలా నవ్వడం చూడలేదు.

తలెత్తి చూస్తే ఆకుల సందుల్లోంచి టపాసుల వెలుగు. అంతా పచ్చగానే ఉంది. నేను ఊరికే హడలిపోతున్నానేమో. పురుగులన్నిటికీ మా కొమ్మే దొరికిందా?

జూలై 5

ఆకు.

జూలై 6, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

బల్ల తుడవడానికి వెళ్ళాను. దాని మీద ఒక ఓక్ ఆకు. మొనల దగ్గర కంచు రంగు, తొడిమ దగ్గర ఇంకా పచ్చ. పండుటాకు పూర్తిగా పండి రాలుతుంది, ఎండుటాకు పూర్తిగా ఎండి రాలుతుంది. సగం బతికుండగా రాలేది తెగులు ఆకే. హోస్టుల శిక్షణలో చెట్ల ఆఫీసరమ్మ మైసీ ఇలాంటిదే చేతిలో పట్టుకుని చూపించింది. "ఇది కనబడితే ఆలోచించకండి, ఫోన్ చేయండి. కింద వేళ్ళలో అది నడుస్తూనే ఉంటుంది. మీరు ఎంత త్వరగా చెబితే నేను అన్ని చెట్లు మిగల్చగలను" అంది.

ఉడత కొరికి ఉండొచ్చు. గాలికి తెగి ఉండొచ్చు. ఒక్క ఆకే కదా. జేబులో పెట్టుకుని తెచ్చి పొయ్యిలో వేశాను. చిటపటమని కాలింది.

లైల్‌కి చెప్పలేదు. ఆయనకి బీపీ. పైగా ఇప్పుడిప్పుడే నవ్వుతున్నాడు.

జూలై 9, ఉదయం

ఈ రోజు గుప్పెడు.

జనం లేవకముందే వెళ్ళి ఊడుస్తున్నాను. స్నానాల గదులు చూడటానికని లైల్‌తో చెబుతున్నాను. ఇనప పళ్ళ దంతెతో నిలువుగా లాగి, పోగు చేసి, చెత్తసంచిలో అడుక్కి తోసి, పైన కాఫీ పొడి పిప్పి పోస్తున్నాను. ఈ వయసులో నాకు దొంగ బుద్ధులు ఎంత బాగా వస్తున్నాయో.

ఫోన్ చేయాలి. తెలుసు. రోజూ పొద్దున్న ఈ రోజు చేస్తాననుకుంటాను. లైల్ టోపీ పెట్టుకుని ఈలవేస్తూ కట్టెల బండి తోసుకుంటూ పోతాడు. పిల్లలు "లైల్ తాతా" అని వెంట పడతారు. మిల్లు మూసేసినప్పుడు ఈ మనిషి నాలుగు నెలలు కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ ఆ కుర్చీని చూడలేను నేను.

జూలై 11

ఈ రోజు ఒక్క ఆకు కూడా లేదు!

జూలై 13

మూడు రోజులుగా లేదు. నేల అద్దంలా ఉంది. తెగులు కాదేమో. అది ఎండకేమో. బెర్నీస్ నా మొహం చూసి "ఏంటి పిల్లా, కళ్ళు వెలిగిపోతున్నాయి? లైల్ కొత్త చీపురేమైనా కొన్నాడా?" అంది. నాకు అరవై ఒకటి, ఆవిడకి ఇంకా పిల్లనే. ఆవిడ చీపురు మాటెందుకు తెచ్చిందో ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

జూలై 14, సోమవారం

ఎవరో అద్దె పడవని కట్టకుండా వదిలేస్తే సరస్సు మధ్యకి కొట్టుకుపోయింది. నేను తెడ్ల పడవలో వెళ్ళి దాన్ని లాక్కొస్తున్నాను. తలెత్తి ఒడ్డు వైపు చూశాను.

కింద నిలబడితే కొమ్మలడ్డు, చెట్టు నెత్తి కనబడదు. నీళ్ళ మీంచి కనబడింది. పద్నాలుగు ఓక్ పై సగం గోధుమ రంగు. దాని పక్కదానికి ఒక వైపు నెత్తిన మరకలాగా మొదలైంది. తెడ్లు వదిలేసి కూర్చున్నాను. పడవలు రెండూ గాలికి వాటంతట అవే తిరిగాయి.

నెత్తి అలా ఉంటే కింద ఆకులు రాలకుండా ఎలా ఉంటాయి? ఎక్కడికి పోతున్నాయి?

జూలై 15, ఉదయం 5 గంటలు

ఇప్పుడే చూసొచ్చాను. చెట్టు కింద ఇసుకలో దంతె గీతలున్నాయి. అడ్డగీతలు. నేను నిలువుగా లాగుతాను. అడ్డంగా లాగేది ఈ పార్కులో ఒక్కరే. మిల్లులో పాతికేళ్ళు నేల ఊడ్చిన అలవాటు.

జూలై 15, సాయంత్రం

ఆయన నాకంటే ముందు లేస్తున్నాడు. గేటు తాళం తీయడానికని నాకు చెబుతున్నాడు. నేను స్నానాల గదులంటున్నాను.

మధ్యాహ్నం ట్రైలర్ తలుపు వేసి అడిగాను. ఎప్పటి నుంచి అన్నాను. "నువ్వెప్పటి నుంచి?" అన్నాడు. ఐదో తారీకు అన్నాను. ఆయన మూడో తారీకునే చూశాడట. అంటే ఆ పండగ రోజు అంతలా నవ్వింది తెలిసే. దానికి నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మైసీకి ఫోన్ చేద్దాం అన్నాను. సెప్టెంబరులో సెలవులయ్యాక చేద్దాం అన్నాడు. అప్పటికి ఆ మూలనున్న ఓక్‌లన్నీ పోతాయి అన్నాను. "పోతే పోనీ. నేను మాత్రం ఉంటాను కదా ఇక్కడ!" అని అరిచాడు. అరిచి, తనన్నదేంటో తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ నోటీసు కొట్టింది నేను, మార్లిస్. ఆ లాంతరాయన్ని పెళ్ళాం ముందు తిట్టింది నేను. ఇప్పుడు అందరి ముందూ వెళ్ళి ఏమని నిలబడను?"

డబ్బా ఖాళీ చేసింది నేను అన్నాను. డబ్బా కొమ్మని కోయలేదన్నాడు. టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

జూలై 16

ఈ రోజు ఇద్దరం ఊడవలేదు.

జూలై 18, శుక్రవారం

పొద్దున్నే బెర్నీస్ వచ్చింది. కాఫీ కప్పు తెచ్చి నా ముందు పెట్టింది. కప్పులో కాఫీ, కాఫీలో ఆకు. సగం కంచు, సగం పచ్చ. వాళ్ళ సైటులోని చెట్టుది.

"మీరు ఊడవడం మానేశారు కదా, ఇక మనం మాట్లాడుకోక తప్పదు" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు నిద్ర పట్టదు పిల్లా. తెల్లారకుండా కిటికీ దగ్గర కూర్చుంటాను. ముందు మొగుడొచ్చి అడ్డంగా ఊడ్చి పోతాడు. కాసేపటికి పెళ్ళామొచ్చి ఊడ్చిన చోటే నిలువుగా ఊడుస్తుంది. ఇద్దరూ అటూ ఇటూ దొంగచూపులు. కొత్త పెళ్ళివారిలో కూడా ఇంత దోబూచులాట చూళ్ళేదు."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ కప్పులోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టింది.

"చెబితే చెట్టు కొట్టేస్తారు. నా కుర్చీ పక్కనే మా ఆయన కుర్చీ ఉండేది. ఇంకో వేసవి నీడలో గడిపేస్తే, ఆ తర్వాత నేనుంటానో లేదో, చెట్టేమైతే నాకేం అనుకున్నాను. ముసలి బుద్ధి. ఇవాళ మా చెట్టు ఆకు కాఫీలో పడ్డాక సిగ్గేసింది." లేస్తూ మోకాలి మీద చరుచుకుంది. "ముగ్గురం ముగ్గురమే. ఇక నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా? నాకు ఆ ఫోన్ వాడటం రాదు, ముందే చెబుతున్నా."

ఫోన్‌కి సిగ్నల్ అందేది చేపలు పట్టే చెక్క వంతెన చివరే. ఫోన్ చేతిలో పట్టుకుని ఒక్కో చెక్కా దాటుకుంటూ వెళ్ళాను. చివర లైల్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్. తెర మీద మైసీ నంబరు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, నొక్కలేదు.

నన్ను చూసి "వేలు కదలడం లేదే" అన్నాడు.

నేను నొక్కాను. మోగుతుంటే ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆవిడ హలో అంది. లైల్ నీళ్ళ వైపు తిరిగి చెప్పాడు. "హెరాన్ లేక్ నుంచి లైల్‌నమ్మా. పద్నాలుగులో ఓక్‌కి తెగులొచ్చింది. మే నెలలో కొమ్మ కోశారు. నేనే కోశాను."

నేను ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను. భయం మాత్రం కాదు.

జూలై 21, సోమవారం

మైసీ వచ్చింది. చిన్న మనిషి, చకచకా నడుస్తుంది. వాళ్ళమ్మానాన్నలు లావోస్ యుద్ధం నుంచి పారిపోయి థాయిలాండ్ శరణార్థి శిబిరాల మీదుగా వచ్చిన మోంగ్ వాళ్ళు, ఈ పార్కులోనే ఆవిడ చిన్నప్పుడు ఆదివారాలు గడిచాయట. కొమ్మ కోసి బెరడు ఒలిచింది. లోపల చెక్కలో నల్లటి చారలు. ముక్క సంచిలో వేసుకుని, లాబ్ కాగితం వచ్చేదాకా ఆగక్కర్లేదు అంది.

తర్వాత తన బండిలోంచి స్ప్రే డబ్బా తీసి టకటకా ఊపింది. నిండు డబ్బా చప్పుడు. నా పళ్ళు జివ్వుమన్నాయి. చెట్టు చెట్టుకీ నీలం గీత కొట్టుకుంటూ వెళ్ళింది. గీత కొట్టినవి పోతాయి. వాటి చుట్టూ యంత్రంతో నేలని లోతుగా కోసి వేళ్ళు తెంపుతారు, అవతలివి బతకడానికి. పద్నాలుగుకి గీత. పదిహేనుకి గీత. సరస్సు మలుపు దాకా గీతలు. బెర్నీస్ తన కుర్చీలోంచి లేవకుండా చూసింది. "నీలం కాకుండా ఇంకో రంగు లేదా అమ్మాయ్? నాకు నీలం పడదు" అంది. మైసీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

నేను అడగకుండా ఉండలేకపోయాను. మేం ఆకు చూసిన రోజే చెప్పి ఉంటే ఈ గీతలు తగ్గేవా అన్నాను.

"తగ్గేవేమో మార్లిస్ గారూ. చెప్పలేను. ఓ రెండు మూడు మిగిలేవేమో" అంది. ఓదార్చడానికి కూడా అబద్ధం ఆడలేదు. అప్పటి నుంచి నీలం గీతల వెంట తిరుగుతున్నాను. ఏ రెండు? ఏ మూడు?

ఆగస్టు 6

యంత్రం వచ్చింది. ఆ మూల సైట్లన్నీ మూసేశారు. బుక్ చేసుకున్నవాళ్ళకి ఫోన్లు చేసి చెప్పడం నా పని. తిట్లు తినడం కూడా.

లైల్ మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఆ మూలకి అడ్డంగా కట్టిన పసుపు తాడు దగ్గర నిలబడ్డాడు. ఎవరొచ్చి ఏమైందని అడిగినా చెబుతున్నాడు. మే నెలలో కొమ్మ కోశాను, పెయింట్ లేదు, తర్వాత ఆకులు కనబడినా దాచాను. అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళక్కూడా. ఒకాయన "నువ్వు హోస్టువి కదయ్యా, నీకు తెలియదా?" అన్నాడు. "తెలుసు. అందుకే చెబుతున్నాను" అన్నాడు లైల్. సాయంత్రానికి గొంతు పోయింది. తేనె కలిపిన వేడినీళ్ళు ఇచ్చాను. తాగి పడుకున్నాడు, గురక పెట్టాడు. మే తర్వాత నాకు వినబడిన మొదటి గురక. నేను మేలుకునే ఉన్నాను.

సెప్టెంబరు 4, గురువారం

సెలవులయ్యాయి. నిన్నా ఇవాళా కొట్టేశారు. పద్నాలుగు పడినప్పుడు నేల కదిలింది, ట్రైలర్‌లో కప్పులు గలగలమన్నాయి. ఆ తర్వాత వచ్చిన వెలుతురు నాకు నచ్చలేదు. బెర్నీస్ ట్రైలర్ రేకులు, సీసాలు, ఆవిడ తెల్లటి మోకాళ్ళు, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డట్టున్నాయి. ఆవిడ మాత్రం కుర్చీ జరపలేదు. టోపీ మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చుంది.

సూపరింటెండెంట్ ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. వంతెన చివర ఇద్దరం చెవులు ఆనించి విన్నాం. మర్యాదగానే మాట్లాడాడు. ఆరేళ్ళు బాగా చేశారన్నాడు. వచ్చే ఏడు వేరేవాళ్ళు వస్తారన్నాడు. కొమ్మ కోసినందుకు కాదట. కొమ్మ ఎవరైనా కోస్తారు. ఆ తర్వాత ఊడ్చిన రోజులకట.

లైల్ సరే సార్ అన్నాడు. మే నుంచి దీనికే భయపడ్డాను, వచ్చేసింది, ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు. వంతెన మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాం. కాసేపటికి లైల్ "కొత్తగా వచ్చేవాళ్ళకి స్నానాల గది నీళ్ళ చక్రం ఎటు తిప్పాలో రాసి పెట్టు. ఎడమకి తిప్పి చచ్చేరు" అన్నాడు.

బెర్నీస్‌కి చెబితే తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. "నేను పదిహేనే మళ్ళీ తీసుకున్నాను. నీడ పోయింది కదా, ఇక ఎవడూ పోటీకి రాడు" అంది.

అక్టోబరు 12

బేస్‌మెంట్. పైన చెల్లెలు నడుస్తున్న చప్పుడు.

మే 21, గురువారం

ఏడాది తిరిగింది. బుకింగ్ పేజీలో ప్రతి సైటు పక్కనా రాస్తారు: నీళ్ళు, కరెంటు, నీడ. పద్నాలుగు పక్కన నీడ: లేదు. మూడు రోజుల సెలవుకి కూడా ఎవరూ తీసుకోలేదు. మేం తీసుకున్నాం, ఈసారి డబ్బు కట్టి, అందరి లాగే. బెర్నీస్‌ది లాగా వేసవంతా ఇచ్చే సైటు కాదిది, రెండు వారాలకే ఇస్తారు. తర్వాత సంగతి తర్వాత.

స్తంభం మీద నాలుగుకి ఇంకా తోక లేదు. బెర్నీస్ మాకోసం గొడుగు తెచ్చింది. నీలం రంగుది.

మే 22, శుక్రవారం, ఉదయం 5 గంటలు

మెలకువొచ్చింది. పక్కన లైల్ లేడు. బయటికెళ్ళి చూస్తే నరికిన ఓక్ మొద్దు చుట్టూ ఇసుకలో అడ్డగీతలు. ఒక్క ఆకు లేదు ఊడవడానికి. దంతె మొద్దుకి ఆనించి ఉంది.

తీసుకుని నిలువుగా లాగాను.